అవతలి కట్ట మీది మనిషి

మార్చి నెల, రెండో ఆదివారం. సాయంత్రం నాలుగున్నరకు ఇంట్లోంచి బయలుదేరాం. నేను, నా భార్య జ్యోత్స్న, మా ఏడేళ్ళ పాప శ్రావణి, మా యాడి మంగమ్మ. మా లంబాడీల్లో అమ్మను యాడీ అంటాం. నేను సారపాక మిల్లులో ఎలక్ట్రీషియన్‌ని. వారమంతా మోటార్ల మోతలో ఉంటాను కాబట్టి ఆదివారం వస్తే చెట్లూ నీళ్ళూ ఉన్న చోటికి పోవాలనిపిస్తుంది. షుగర్ ఉందని డాక్టరు యాడిని నడవమన్నాడు. అట్లా ఆదివారం నడక మాకు అలవాటైంది.

ఆ కాలువ సంగతి చెప్పింది నాతో పనిచేసే హఫీజ్ భాయ్.

"కట్ట మీద దారి సాఫ్‌గ ఉంటది బలరాం. మా అమ్మీని గూడ తీస్కపోయిన. కట్టెంబడి పోయి, టేకు చెట్లల్లకెల్లి తిరిగొస్తే గంటన్నర. పిల్లలకు మస్తు ఖుషీ," అన్నాడు.

నిజంగానే బాగుంది. తూము దగ్గర కారు ఆపి కట్ట ఎక్కాం. యాసంగి పంటకు నీళ్ళు వదిలారు, కాలువ నిండుగా పోతోంది. వెడల్పు ఇరవై అడుగులు ఉంటుందేమో. ఇటువైపు జామాయిల్ తోట, దాని వెనక అడవి. ఎండకు కమిలిన జామాయిల్ ఆకుల వాసన. శ్రావణి పసుపు గౌను వేసుకొని ముందు గెంతుతూ పోతోంది. తీగ మీద లకుముకి పిట్ట కనపడితే నిలబడి, అది ఎగిరిపోయేదాకా ఊపిరి బిగబట్టింది.

"అన్నా..."

అవతలి కట్ట మీంచి పిలుపు. సన్నటి మనిషి, బనీను, లుంగీ. అతని వెనక తల మీద కొంగు కప్పుకున్న ఆడమనిషి.

"అన్నా, మా పాప గిట్ల మీ దిక్కు వచ్చిందా?"

"రాలేదన్నా. ఎంత పాప?" అన్నాను.

అతను శ్రావణి వైపు చూశాడు. "గంతే ఉంటది."

జ్యోత్స్న గుండె కరిగింది. "పేరేంది వదినా?" అని గట్టిగా అడిగింది.

"సీతాలు," అంది ఆ ఆడమనిషి.

"కనపడితే మేం తోలుకొస్తం. మీరు భయపడకున్రి!"

యాడి జ్యోత్స్న మోచెయ్యి పట్టుకొని గుంజింది. "ఎవరో ఏందో తెల్వకుండ గట్ల మాటియ్యొద్దు," అంది లోగొంతుతో. జ్యోత్స్న నవ్వేసింది. పిల్ల తప్పిపోయినవాళ్ళతో ఒక మంచిమాట అంటే తప్పేముంది?

మరో పది నిమిషాలు నడిచాం. కాలువ ఎడమకు తిరిగే చోట అతను మళ్ళీ కనపడ్డాడు. మా కంటే ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. మమ్మల్ని దాటిపోవడం మేమెవరం చూడలేదు.

"అన్నా, మా పాప గిట్ల మీ దిక్కు వచ్చిందా?"

అదే మాట. అదే గొంతు. ఇంతకుముందు మాతో మాట్లాడనట్టే అడిగాడు.

"పోలీసులకు చెప్పిన్రా అన్నా?" అన్నాను.

అతని చూపు శ్రావణి మీదే ఉంది. లుంగీ అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ధారగా కారుతున్నాయి... అయినా అతని కాళ్ళ కింద మట్టి తడవలేదు.

శ్రావణి నా వెనక్కి వచ్చి చొక్కా పట్టుకుంది. నాకు అక్కడ ఇంకొక్క నిమిషం ఉండబుద్ధి కాలేదు. వచ్చిన దారినే పోతే కాలువ పక్కనే నడవాలి, అతను అవతల నుంచి చూస్తూనే ఉంటాడు. అందుకని టేకు చెట్లలోంచి పోయే బాట పట్టించాను. అతను కనపడకుండా పోతే చాలనుకున్నాను.

అడవిలో అప్పటికే వెలుతురు తగ్గింది. టేకు ఆకులు రాలి మోకాళ్ళ ఎత్తున పడున్నాయి. అడుగు వేస్తే అప్పడాలు విరిగినట్టు చప్పుడు. ఎక్కడో ఇప్పపూలు రాలినట్టున్నాయి, తియ్యగా, పులిసినట్టు, తల తిప్పే వాసన. ముందు నేను, నా వెనక యాడి, చివర్న జ్యోత్స్న, శ్రావణి.

"సీతాలూ..."

కాలువ దిక్కు నుంచి ఆడగొంతు. సాగదీసి, ముద్దుగా పిలిచింది.

"ఆ... వస్తున్నా!"

అంది మా శ్రావణి.

నేను చటుక్కున వెనక్కి తిరిగాను. జ్యోత్స్న మొహం పాలిపోయింది. "నువ్వెందుకే పలుకుతున్నవ్?" అని పిల్లను కుదిపింది.

"నన్నే కదా మమ్మీ పిలిచింది," అంది శ్రావణి. ఆటలో ఉన్న పిల్లను అన్నానికి పిలిస్తే విసుక్కున్నట్టుగా అంది.

"సీతాలూ..."

చెయ్యి విదిలించుకొని పరుగెత్తింది. పసుపు గౌను చెట్ల మధ్య ఒకసారి మెరిసింది. ఎండుటాకుల చప్పుడు... దూరం... ఇంకా దూరం. తర్వాత ఒక్కసారిగా ఆగిపోయింది.

మేం పరుగెత్తాం. "శ్రావణీ! బిడ్డా!" జ్యోత్స్న పడి లేచింది, మళ్ళీ పడింది. యాడి వెనక నుంచి మా దేవత మేరామ యాడిని తలుచుకుంటూ గొణుగుతోంది. చుట్టూ చెట్లే. ఎటు చూసినా ఒకేలాంటి చెట్లు. ఎంతసేపు వెతికామో చెప్పలేను. ఐదు నిమిషాలే అయి ఉండొచ్చు.

కట్ట మీదికి వచ్చేసరికి పొద్దు గూకింది. బట్టలుతికే మెట్ల మీద, నీళ్ళకు జానెడు దూరంలో, పసుపు గౌను. మాకు వీపు పెట్టి గొంతుక్కూచుని ఉంది.

దూకినట్టే మెట్లు దిగి ఎత్తుకున్నాను. తడవలేదు. దెబ్బ తగల్లేదు. నా మెడ చుట్టూ చేతులు వేసి, భుజం మీద మొహం దాచుకుంది. జ్యోత్స్న పిల్ల వీపు మీద తలపెట్టి బోరున ఏడ్చింది.

అప్పుడు చూశాను. అవతలి కట్ట మీద ఆ ఇద్దరూ వెళ్ళిపోతున్నారు. మనిషి భుజాల మీద ఒక పిల్ల ఉంది.

"దొరికిందా అన్నా?" అని అరిచాను.

అతను తిరగలేదు. భుజాల మీది పిల్ల మాత్రం నడుము తిప్పి మా వైపు చూసింది. రెండు చేతులూ చాచింది. ఏదో అంటోంది, నీళ్ళ హోరులో వినపడలేదు. ఆ మసకలో మొహం తెలియలేదు. గౌను రంగూ తెలియలేదు.

"పాపం, వాళ్ళ పిల్ల వాళ్ళకు దొరికింది," అంది జ్యోత్స్న కళ్ళు తుడుచుకుంటూ. చెయ్యెత్తి ఆ పిల్లకు టాటా చెప్పింది.

తూము దగ్గర కాలువ కాపలా చూసే లస్కర్ వెంకటనారాయణ నీళ్ళు చూసుకుంటున్నాడు. పిల్ల తప్పిపోయినవాళ్ళు అవతలి కట్ట మీద కనపడ్డారని చెప్పాను. ఆయన టార్చి ఎత్తి నా భుజం మీది పిల్లను చూశాడు.

"ఈ పాప మీదేనా సార్?"

"అదేం మాట? మా బిడ్డనే," అన్నాను కోపంగా.

"ఊకెనే అడిగిన. జల్దీ పోన్రి." టార్చి ఆర్పేసి, తూము తాళం కూడా వెయ్యకుండా సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

దారంతా పిల్ల నిద్రపోయింది. ఇంటికొచ్చాక అన్నం తినలేదు, నీళ్ళు మాత్రం మూడు చెంబులు తాగింది. భయపడిందిలే అనుకున్నాం. రోజూ పిల్లను పక్కన వేసుకొని పడుకునే యాడి ఆ రాత్రి చాప తీసుకొని వరండాలోకి పోయింది.

"ఏమైంది యాడీ?" అంటే, "ఉక్కపోస్తుంది నాయనా," అంది. ఆ రాత్రి చల్లగానే ఉంది.

సోమవారం పొద్దున నేను డ్యూటీకి బూట్లు వేసుకుంటున్నాను. బడికి తయారు చెయ్యడానికి జ్యోత్స్న పిల్లకు తలకు పోసి, జుట్టు వెనక్కి దువ్వుతోంది. దువ్వెన కింద పడిన చప్పుడైంది.

"ఏమండి... జర ఇటు రండి."

అంత చిన్న గొంతుతో ఆమె నన్నెప్పుడూ పిలవలేదు.

మా శ్రావణికి ఇంకా చెవులు కుట్టించలేదు. మేనమామ ఒళ్ళో కూచోబెట్టి కుట్టించాలి, వాళ్ళ మామకేమో లీవు దొరకదు. అట్లా రెండేళ్ళుగా వాయిదా పడుతూ వచ్చింది.

పిల్ల మాకు వీపు పెట్టి, కదలకుండా పీట మీద కూచుని ఉంది. రెండు చెవులకూ కుట్లున్నాయి. ఎప్పుడో మానిపోయిన పాత కుట్లు. వాటిలో సన్నటి వేపపుల్లలు పెట్టి ఉన్నాయి. అవి ఎన్నాళ్ళో నీళ్ళలో నానినట్టు నల్లబడి, ముట్టుకుంటే మెత్తగా చితికిపోతున్నాయి.