పడకగుట్ట మీద రాతిగది

ఎడపల్లి దాటి, చెరుకు తోటల మధ్య మూడు కిలోమీటర్లు లోపలికి వెళ్తే పడకగుట్ట వస్తుంది. పైన ఒక రాతిగది, దానికో ఇనుప తలుపు. ఆ గది మంచిది కాదని చుట్టుపక్కల అందరూ అంటారు.

నిరుడు డిసెంబరులో నిజామాబాద్ నుంచి ముగ్గురు యువకులు ట్రెక్కింగుకు వచ్చి ఆ గదిలో పడుకున్నారు. తెల్లవారి లేవలేదు. ఒంటి మీద గీత లేదు. ఫోన్లు, పర్సులు భద్రం. ముఖాలు మాత్రం ఎర్రగా, అప్పుడే పెళ్లి కుదిరినట్టు ఉన్నాయట. పోస్టుమార్టం రిపోర్టు ఇంకా రావాలి. ఊరి రిపోర్టు ఆ సాయంత్రానికే వచ్చేసింది — దెయ్యం.

దాని పద్ధతి కూడా ఊరే తేల్చింది. ఎప్పుడో చలికి చచ్చిన కావలివాడట. రాత్రి తలుపు గీకుతాడు. "సలి పెడ్తుందా?" అని అడుగుతాడు. అవునంటే కౌగిలించుకుంటాడు... అంతే.

ఈ జనవరిలో నరేందర్ గుట్ట ఎక్కాడు. నిజామాబాద్‌లో మోటారు పంపులు బాగుచేసే మనిషి. ఆ గదిలో ఒక రాత్రి పడుకుని వీడియో తీస్తానని దోస్తుల ముందు అనేశాడు, ఇక తప్పలేదు. వెంట చిన్నాయన కూతురు అఖిల వెళ్లింది. నర్సింగ్ రెండో సంవత్సరం.

"నువ్వు సస్తే పెద్దమ్మకు చెప్పెటందుకన్న ఒకరు ఉండాలె గద" అందట. ఈ సంగతంతా నాకు చెప్పింది ఆమే.

గుట్ట కింద రామ్‌దాస్ బెల్లం బట్టీ ఉంది. పొద్దుగూకే వేళ ఇద్దరూ అక్కడ ఆగారు. చలికాలం బట్టీకి వచ్చినవాళ్లను ఉత్త చేతులతో పంపరు. వేడి బెల్లం ముద్ద చేతిలో పెడతారు. నిప్పు అడిగితే లేదనరు. రామ్‌దాస్ అడగకముందే ఇచ్చే రకం.

"సలి పెడ్తుందా బిడ్డా?" అన్నాడు.

నరేందర్ ఉలిక్కిపడ్డాడు. అఖిల పొట్ట పట్టుకుని నవ్వింది.

రామ్‌దాస్ తుమ్మ మొద్దుల నిప్పులను పొగ పూర్తిగా పోయేదాకా ఆగి, ఇనుప గమేళా నిండా పోశాడు. "కండ్లు మండవు. మంచిగ పండుండ్రి."

గమేళాను తీగలతో కర్రకు వేలాడదీసి, ఇద్దరూ చెరోవైపు పట్టి పైకి మోశారు. గదికి ఉన్న ఒక్క కిటికీలో నరేందర్ గోనెసంచి కుక్కాడు. చలి రాకూడదని సగం, కావలివాడు రాకూడదని సగం.

తొమ్మిదింటికి వీడియో మొదలైంది. పదిన్నరకు ఇద్దరికీ తలనొప్పి. పదకొండు దాటాక...

గర్ర్... గర్ర్...

తలుపు కింద గీకుతున్న చప్పుడు.

"అన్నా..."

"ష్..."

ఆగింది. మళ్లీ గీకింది. తలుపు అవతల, నేలకు దగ్గరగా, ఎవరో ఊపిరి పీలుస్తున్నారు — నెమ్మదిగా, వాసన చూస్తున్నట్టు.

నరేందర్ పాకుతూ వెళ్లి తలుపుకు బండరాయి అడ్డం పెట్టాడు. కింది సందులో దుప్పటి కుక్కాడు. అక్కడే కూలబడ్డాడు.

"కాళ్లు వస్తలేవే..." గుసగుసగా అన్నాడు. "ఎవలో మీద కూసున్నట్టుంది."

అఖిలకూ గది తిరుగుతోంది. కడుపులో దేవుతోంది.

"తలుపు తీస్త."

"వద్దే... నీ కాళ్లు మొక్కుత."

"కక్కొస్తుందన్నా."

"గీడనే కక్కు."

"నీ మీదనా?"

నరేందర్ నోరు తెరిచే ఉంది... మాట రావడం లేదు.

దెయ్యానికి ఆగమని చెప్పవచ్చు, వాంతికి చెప్పలేం. అఖిల రాయి పక్కకు నెట్టింది. దుప్పటి లాగింది. తలుపు తెరిచింది. చీకట్లో రెండు కళ్లు మెరుస్తున్నాయి — సూటిగా వాటి మీదే కక్కింది.

దెయ్యం కుయ్యోమంది.

రామ్‌దాస్ కుక్క మోతి అది. బట్టీలో ఇచ్చిన బెల్లం ముద్ద వీళ్ల సంచిలో ఉంటే, ఆ వాసన పట్టుకుని గుట్టంతా ఎక్కి వచ్చింది.

అఖిల అన్నను చేతులు పట్టి బయటి చలిలోకి ఈడ్చింది. చెంపలు వాయించింది. చాలాసేపటికి నరేందర్ గట్టిగా ఊపిరి తీసి, కళ్లు తెరిచాడు.

"వీడియో... ఆన్ ఉందా?"

ఆమె గదిలోకి తొంగి చూసింది. మూలన గమేళా ఎర్రగా వెలుగుతోంది. పొగ లేదు. వాసనా లేదు. అప్పుడు అర్థమైంది ఆమెకు, తలుపు గీకింది కుక్కే గానీ తమ మీద కూర్చున్నది వేరే అని.

తెల్లవారి బట్టీ దగ్గర రామ్‌దాస్‌కు అదే చెప్పింది. "మూసిన గదిల గిసొంటి నిప్పు పెడితే గాలే విషమైతది కాకా. తెల్వనే తెల్వది. నిద్రలనే పానం పోతది, మొకం ఎర్రగైతది. మా పరీక్షల వచ్చింది... నేనే ఆ ప్రశ్న ఇడిసిపెట్టిన."

నరేందర్ పకపకా నవ్వాడు. "గందుకే నా పానం మీదికొచ్చింది!"

రామ్‌దాస్ నవ్వలేదు. పాకం కలిపే గరిటె చేతిలో ఆగిపోయింది. అంచున బెల్లం మాడుతున్నా చూడలేదు.

"నిరుడు ఆ ముగ్గురు పోరగాండ్లకు..." అన్నాడు, గుట్ట వైపు చూస్తూ. "ఆ దినం మస్తు సలి ఉండె బిడ్డా. రెండు గమేళాలు ఇచ్చిన."