రాట్నపు గోడలో గొంతు

మా స్కార్నే దీవిలో చీకటి పడ్డాక దక్షిణపు కొసకి ఎవరూ పోరు. అక్కడ కప్పు కూలిన పాడిల్లు ఒకటుంది. ఎప్పుడో ఓరిక్ అనే ముసలావిడ, చేపలవేటకి పోయిన మొగుడి కోసం ఎదురుచూస్తూ, రాట్నం తిప్పుతూ తిప్పుతూ అక్కడే ప్రాణం వదిలిందట. రాత్రిపూట గోడ దగ్గర నిలబడితే ఆ రాట్నం ఇప్పటికీ వినిపిస్తుంది... గుర్ర్‌ర్‌ర్ అని. మధ్యలో ఒక ఎక్కిలి. మళ్ళీ గుర్ర్‌ర్‌ర్...

మా చిన్నప్పుడు గొర్రె తప్పిపోయి అటు పోతే, దాని ఖర్మకి దాన్ని వదిలేసి తెల్లారాక వెతుక్కునేవాళ్ళం.

తర్వాత లాక్లన్ వచ్చి ఆ ముచ్చట కాస్తా తేల్చేశాడు. "ఎఫీ, అది ముసలమ్మా కాదు, మట్టిగడ్డా కాదు. తుఫాను పిట్ట. పిచ్చుకంత ఉంటుంది. పగలంతా సముద్రం మీద తిరిగి, రాత్రికి రాతిగోడ సందుల్లో దూరుతుంది" అన్నాడు. దెయ్యం పోయినందుకు నాకు కొంచెం దిగులేసిన మాట నిజం.

లాక్లన్ ప్రతి వేసవిలో మా దీవిలో పిట్టల్ని చూడ్డం నేర్పుతాడు. పిట్టల గురించి ఓనమాలు రాని జనమే వస్తారు. దుర్భిణి తిరగేసి పట్టుకుని "పిట్ట మరీ చిన్నదండీ" అనేవాళ్ళు, మామూలు కొంగని చూసి గంటసేపు పుస్తకం తిరగేసేవాళ్ళు. వాళ్ళందరికీ పొద్దున ఓట్స్ జావ, రాత్రికి చేపల పులుసు కాచిపోసేది నేనే.

ఆ ఏడు వచ్చినవాళ్ళలో మార్సలీ ఒకతె. గ్లాస్గో మనిషి. లాక్లన్ ప్రాణస్నేహితుడు డుగల్ భార్య. డుగల్ ఊరూరా తిరిగి పిట్టల కూతలు రికార్డు చేసేవాడు. కొన్నేళ్ళ కిందట స్నేహితులిద్దరూ చిన్న పడవలో పోతుంటే డుగల్ నీళ్ళలో పడిపోయాడు. శవం దొరకలేదు. పడిపోవడం తన కళ్ళారా చూశానని అందరికీ చెప్పింది లాక్లనే.

ఆ సాయంత్రం మార్సలీ నా పక్కన కూర్చుని బంగాళాదుంపల తొక్క తీసింది.

"నాకు పిట్టలంటే పెద్ద పిచ్చేం లేదు, ఎఫీ. తుఫాను పిట్ట కూత వినిపిస్తానని డుగల్ ఎప్పుడూ అనేవాడు. ఒక్కసారి అది వినేసి, ఆయన్ని సాగనంపి వెళ్ళిపోతాను."

"ఇన్నాళ్ళకా, అమ్మాయ్?"

"శవం కనబడకపోతే మనసు ఒప్పుకోదు. ఇప్పటికీ తలుపు చప్పుడైతే లేచి చూస్తాను. ఒకాయన పెళ్ళాడతానని అడిగితే, డుగల్ తిరిగొస్తే ఏం చెప్పను అన్నాను. పాపం, బెదిరిపోయి పారిపోయాడు."

నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ రాత్రి చందమామ లేదు. తుఫాను పిట్టలకి వెలుతురు పడదు కాబట్టి ఎర్రదీపాలు పట్టుకుని లాక్లన్ వెనకాల బయల్దేరారు అందరూ. గోడ దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. గుర్ర్‌ర్‌ర్... ఎక్కిలి... గుర్ర్‌ర్‌ర్... ఒకాయన సంతోషం పట్టలేక పక్కవాడి చెయ్యి గిల్లాడట.

"చాలు చాలు, బెదిరిపోతాయి. పదండి" అని లాక్లన్ కాసేపటికే అందర్నీ వెనక్కి మళ్ళించాడు.

మార్సలీకి తనివి తీరలేదు. సాగనంపడానికి వచ్చిన మనిషి, అంతమందిలో ఏం మాట్లాడుకుంటుంది? తోటివాళ్ళంతా పడుకున్నాక ఒంటరిగా మళ్ళీ వెళ్ళింది. ఇక్కణ్ణించి ఆవిడ నాకు చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను.

కాళ్ళ కింద తడి గడ్డి. ముందు నల్లటి గోడ. లోపల రాట్నం ఆగకుండా తిరుగుతోంది.

గోడకి చెంప ఆనించి కళ్ళు మూసుకుంది.

గుర్ర్‌ర్‌ర్... ఎక్కిలి... గుర్ర్‌ర్‌ర్...

ఉన్నట్టుండి — ఆగిపోయింది.

గాలి కూడా ఆగినట్టనిపించిందట. అప్పుడు రాళ్ళ మధ్య నుంచి, చెవి పక్కనే, మెల్లగా...

"తుఫాను పిట్ట."

డుగల్ గొంతు.

ఒళ్ళంతా చెమట. కానీ భయం కాదట... సంతోషం. "డుగల్! నేనే... వచ్చాను... ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు?" అని గోడని రెండు చేతులా పట్టుకుని ఏడ్చేసింది. ఆ ఏడుపులో తర్వాతి మాటలు వినబడలేదు.

రాట్నం మళ్ళీ మొదలైంది.

"ఇంకొక్కసారి" అని బతిమాలింది. "ఒక్కసారి మాట్లాడు డుగల్... నీకు దణ్ణం పెడతాను."

చలికి వణుకుతూ అలాగే కూర్చుంది. చాలాసేపటికి రాట్నం ఆగింది.

"తుఫాను పిట్ట."

అదే గొంతు. అదే తీరు. ఈసారి నోరు నొక్కుకుని విన్నది.

"ఫారో దీవులు. రాతిగోడలో గూడు." ఆ తర్వాత ఒక తేదీ... నిరుటి జూలైది. "రికార్డు చేసింది, డుగల్."

ఆ వెనకే, దగ్గర్నుంచే, ఒక ఆడపిల్ల గొంతు — "నాన్నా, అయిపోయిందా?"

"ఉష్... అయిపోయిందమ్మా."

గుర్ర్‌ర్‌ర్...

పిట్టల కూతలు రికార్డు చేసేవాళ్ళకి ఒక ఆచారం ఉంది. కూత అయ్యాక, పిట్ట పేరు, చోటు, తేదీ, తమ పేరు సొంత గొంతుతో చెప్పి గాని మిషను ఆపరు. చెప్పకపోతే ఆ రికార్డుకి విలువ లేదు. మార్సలీ కాపురం చేసిందే అలాంటి మనిషితో. ఆవిడకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

గోడ సందులో చెయ్యి పెట్టి రాయి లాగేసింది.

నేను మర్నాటి రొట్టెకి పిండి కలుపుతున్నాను. లాక్లన్ బల్ల దగ్గర టీ తాగుతున్నాడు. తలుపు తోసుకుని వచ్చింది మార్సలీ. గోళ్ళు చిట్లి వేళ్ళ నిండా నెత్తురు. చేతిలో గుర్రుమంటున్న చిన్న స్పీకరు డబ్బా. దాన్ని అతని కప్పు పక్కన పెట్టింది.

ఆ గోడలో పిట్టల్ని ఎలకలు ఎప్పుడో తినేశాయట. తోటి పిట్టలున్నాయని భ్రమపడి కొత్తవి వస్తాయని లాక్లనే రాత్రంతా ఈ కూత మోగించేవాడట. ఇన్నాళ్ళూ నా చేతి కూడు తిన్న మనిషి నాకూ చెప్పలేదు. డుగల్ పంపే రికార్డుల్లో మాటలొచ్చే చివరి ముక్క ప్రతిసారీ కత్తిరించేవాడు. ఈ కొత్త రికార్డుకి బద్ధకించాడు.

లాక్లన్ చెయ్యి డబ్బా మీదికి పోయింది. మార్సలీ ఆ మణికట్టు పట్టుకుంది.

"ఆపకు. చివరిదాకా విను."

ముగ్గురం విన్నాం. పిల్ల గొంతు దాకా విన్నాం. నా చేతికి పిండి ఎండిపోయింది.

"ఒట్టు వేయించుకున్నాడు మార్సలీ..." అన్నాడు లాక్లన్, తలెత్తకుండా. "నిన్ను ఏడిపించడం ఇష్టంలేకే..."

"ఏడిపించడం ఇష్టంలేక చచ్చిపోయాడా!" అన్నాను నేను. నా నోరు ఆగలేదు.

మార్సలీ నా వైపు చూడనేలేదు. కుర్చీ లాక్కుని అతనికి ఎదురుగా కూర్చుంది. గుసగుసగా, చాలా మర్యాదగా అడిగింది.

"ఒక్కటి చెప్పు. కాపురం చేసినన్నాళ్ళు నాతోనే ఉన్నాడు కదా? ఆ పిల్ల... నన్ను వదిలేశాకే కదా?"

లాక్లన్ డబ్బా ఆపాడు.

"డుగల్ పోయాడని నేను నీకు చెప్పడానికి వచ్చిన రోజుకి" అన్నాడు, "ఆ పిల్ల అప్పటికే నడుస్తోంది, మార్సలీ."