సోదమ్ వాళ్ళమ్మ

"చిప్ ఊబిన్ వాళ్ళమ్మ దగ్గరుంది," అన్నాడు ప్యో, ముల్లంగి కిమ్చీ ఊరగాయని కత్తెరతో ముక్కలు చేస్తూ. "సాయంత్రానికి అది మన దగ్గరుండాలి. లేదా ఎవరి దగ్గరా ఉండకూడదు."

సియోల్ నగరంలో చాంగ్‌సిన్ కొండ కింద ఎముకల సూపు దొరికే హోటల్ అది. మధ్యాహ్నం రద్దీగా ఉంది. రహస్యాలు మాట్లాడుకోవడానికి జనం గోలను మించిన గోడ లేదని ప్యో నమ్మకం. ప్రెసిడెంట్ కార్యాలయానికి కళ్ళూ చెవులూ అయిన సంస్థలో ఆయన విభాగాధిపతి. ఎదురుగా కూర్చున్న గుక్ హేరిన్ ఆయన ఏజెంట్లందరిలోకీ మామూలుగా కనిపించే మనిషి. చేతికి ఒక కూరగాయల సంచీ ఇస్తే చాలు, బజారులో ఆమెను రెండోసారి ఎవరూ చూడరు.

ప్యో గబగబా విషయం చెప్పాడు. హ్వాదో దీవి దగ్గర కేబుల్ కారు ప్రమాదం జరిగిన రోజు ప్రెసిడెంట్ కార్యాలయం నుంచి హెలికాప్టర్ స్థావరానికి ఒక ఫోన్ వెళ్ళింది. ఆ ఫోన్ రికార్డయింది. ఉద్యోగం మానేసిన సహాయకుడొకడు దాన్ని చిప్‌లో పెట్టి, ఆ ప్రమాదంలో కొడుకు ఊబిన్‌ను పోగొట్టుకున్న తల్లికి పంపించాడు. ఇప్పుడు వెర్నర్ అనే విదేశీయుడు టీవీ విలేఖరినని చెప్పి ఆమె ఇంటికి వస్తున్నాడు. అతని వెనక ఒక ముఠా ఉంది. ఆ రికార్డింగ్ చేతికొస్తే ప్రెసిడెంట్‌ను బెదిరించి తూర్పు తీరం రాడార్ల వివరాలు రాబడతారు.

వెర్నర్ వెంట దుభాషిగా వచ్చేది ఛేరి అనే ఆవిడని ప్యో చెప్పాడు. సామ్‌చాంగ్ వీధిలో ఆర్ట్ గ్యాలరీ నడిపే మనిషి. ఆమె వస్తే పార్టీలో పాట ఆగిపోతుందంటారు. వెర్నర్ చిప్ అందుకోగానే ఆమె పెర్సిమన్ పళ్ళ మాట ఎత్తుతుంది. అది హేరిన్‌కు సంకేతం.

"ఆవిడ మన మనిషేనా సర్?"

"జీతం మనదే," అన్నాడు ప్యో.

తర్వాత ఒక హ్యాండ్ క్రీమ్ ట్యూబ్ బల్ల మీదుగా జరిపాడు. చిప్ పక్కన పెట్టి మూత నొక్కితే అందులోదంతా చెరిగిపోతుంది.

"చెరపడమెందుకు? తెచ్చిస్తాను."

"తెస్తే మరీ మంచిది. ముప్ఫై ఏళ్ళకి సీలు వేస్తాం. ఆ తర్వాత ఎవరైనా వినొచ్చు."

"అప్పటికి ఆవిడ బతికుండదు సర్."

ప్యో సూపులో అన్నం కలుపుకున్నాడు. ఈ పనికి ఆమెనే ఎందుకు పంపుతున్నాడో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు.

ప్రమాదంలో పిల్లల్ని పోగొట్టుకున్న కుటుంబాలు సంఘం పెట్టుకున్నప్పుడు, హేరిన్ కూతురు చనిపోయిన తల్లిగా అందులో చేరింది. హేరిన్‌కు పెళ్ళే కాలేదు. కూతురి పేరు సోదమ్ అని సంస్థే పెట్టింది. చనిపోయినవాళ్ళ లెక్కను తక్కువ చేసి చూపించే ప్రభుత్వాలు ఎక్కడైనా ఉంటాయి, ఈ ప్రభుత్వం ఒకరిని ఎక్కువ చేసింది. ఆ దేశంలో ఆడవాళ్ళను బిడ్డ పేరుతోనే పిలుస్తారు కాబట్టి, అప్పటి నుంచి హేరిన్ అక్కడ సోదమ్ వాళ్ళమ్మే. ఆ తల్లులు ఎక్కడ నిరసనకు కూర్చున్నా, వాళ్ళకంటే ముందు పోలీసులు వచ్చి కూర్చునేవారు. ఎలా తెలుస్తోందని వాళ్ళు ఒకరినొకరు అడుక్కునేవారు. హేరిన్ కూడా అడిగేది.

కొండ మీద పాత అపార్ట్‌మెంట్లలో, ఊబిన్ వాళ్ళమ్మ ఇంటి తలుపు తెరిచే ఉంది. ఆ రోజు పిల్లల వర్ధంతి.

"వచ్చావా సోదమ్ వాళ్ళమ్మా. ఇంకా రాలేదేంటా అనుకుంటున్నా. చేతులు కడుక్కుని ఈ చేపముక్కలు తిప్పు, నాకు నడుం వంగట్లేదు," అందామె.

హేరిన్ అట్లకాడ అందుకుంది. అలవాటైన వంటిల్లు. నూనె ఏ అరలో ఉందో, పళ్ళాల గుడ్డ ఎక్కడ వేలాడుతోందో ఆమెకు తెలుసు. విలేఖరి వస్తున్నాడని, ఈసారి మన మాట పైదేశాల్లోనైనా వింటారని ఊబిన్ వాళ్ళమ్మ చెప్పుకుపోతోంది. ఒక్కదానికే వినడానికి భయమేసి, చిప్ తను కూడా ఇంకా వినలేదట. "నిజంగా పొగమంచు వల్లే హెలికాప్టర్లు రాలేకపోయాయేమో. అదే అయితే నేను ఇన్నాళ్ళూ అనవసరంగా శపించానన్నమాట. ఏదో ఒకటి తెలియాలి, అంతే."

ముందు గదిలో ప్రసాదాల బల్ల సర్దింది. ఊబిన్ ఫోటో ముందు చిప్ ఉంది, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. హేరిన్ జేబులో బొటనవేలు ట్యూబ్ మూతను వెతికింది.

అప్పుడు రెండో గిన్నె కనిపించింది. ఊబిన్ గిన్నె పక్కనే ఏటా పెట్టినట్టే సోదమ్‌కూ అన్నం. దాని పక్కన పాకం పట్టిన చిలగడదుంప ముక్కలు. సోదమ్‌కు ఏమిష్టమని ఒకప్పుడు నిరసన గుడారంలో ఎవరో అడిగితే, ఆ పూట తనకు తినాలనిపించినది చెప్పింది హేరిన్. ఊబిన్ వాళ్ళమ్మ మరిచిపోలేదు. పాకం మరీ గట్టిపడకుండా, పిల్ల పళ్ళకి అంటుకోకుండా చేసింది.

హేరిన్ మోకాళ్ళు ఎప్పుడు వంగాయో ఆమెకే తెలియలేదు. నుదురు నేలకు తాకింది. లేచి మళ్ళీ వంగింది. ఆ గిన్నెను క్షమించమని ఎలా అడగాలో ఆమెకు అంతకంటే తెలియలేదు.

తల ఎత్తేసరికి గుమ్మంలో ఊబిన్ వాళ్ళమ్మ నిలబడి ఉంది.

"పిల్లలకి తల్లి మొక్కదు," అందామె నెమ్మదిగా. "చచ్చిపోయినా వాళ్ళు మనకి చిన్నవాళ్ళే. నేను ఊబిన్‌కి ఒక్కసారీ మొక్కలేదు. నిలబడి చూస్తానంతే. ఇది ఎవరూ నేర్పరు. ఒళ్ళే వంగదు." ఆమె హేరిన్ నుదుటి వైపు చూసింది. "నీకు సోదమ్ లేదు కదూ?"

"లేదక్కా."

"ఎవరు పంపారు నిన్ను?"

హేరిన్ చెప్పింది. పోలీసుల సంగతి చెప్పింది. ట్యూబ్ తీసి బల్ల మీద పెట్టి, అదెందుకో చెప్పింది. వచ్చేవాళ్ళు విలేఖరులు కారనీ, వాళ్ళ చేతికిస్తే దాన్ని దాచుకుని బేరాలాడతారనీ, తన చేతికిస్తే సీలు వేస్తారనీ చెప్పింది. ఎటు ఇచ్చినా నువ్వు మాత్రం వినలేవు, అంది.

ఊబిన్ వాళ్ళమ్మ ఏడవలేదు, తిట్టలేదు. చిప్ తీసుకుని, దాని స్థానంలో ఊబిన్ పాటల చిప్ పెట్టింది. వేడి చేపముక్కలున్న పళ్ళెం మీద రేకు కప్పుతూ అంది: "మేనేజ్‌మెంట్ ఆఫీసు కుర్చీలో ఉండేవాడికి ఏటా ప్రసాదం ఇచ్చొస్తాను. మహిళా సంఘం కార్యదర్శిని, అక్కడి మైకు తాళం నా దగ్గరే ఉంటుంది. నేనొచ్చేదాకా వాళ్ళని కూర్చోబెట్టు. అబద్ధాలాడటం నీకు తెలుసుగా."

ఆ మాట హేరిన్‌కు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

ఊబిన్ వాళ్ళమ్మ మెట్లు దిగీ దిగకముందే వెర్నర్ వచ్చాడు. పక్కన ఛేరి, ముత్యాలతో, ముచ్చటైన నల్ల దుస్తుల్లో. ఇంటావిడ ప్రసాదం పంచడానికి వెళ్ళిందని, అతిథులు ముందు పిల్లలకు మొక్కాలని హేరిన్ చెప్పింది. ఆమె ఎంత సాగదీసినా వాళ్ళు మొక్కడం త్వరగానే అయిపోయింది. వెర్నర్ చిప్ అందుకుని లాప్‌టాప్‌కు పెట్టాడు. ఛేరి పెర్సిమన్ల మాట ఎత్తలేదు. పళ్ళ బల్ల వైపైనా చూడలేదు. ఆమె ఎవరి మనిషో హేరిన్‌కు అప్పుడు తెలిసింది.

లాప్‌టాప్‌లోంచి ఒక కుర్రాడు గొంతు పగిలేలా పాడటం మొదలుపెట్టాడు. వెర్నర్ ముఖం మాడిపోయింది. ఛేరి చేతిసంచీలోంచి పిడికిట్లో పట్టేంత పిస్తోలు బయటికొచ్చింది.

"అసలుది ఎక్కడుందమ్మా?" అంది ఛేరి, టీ అడిగినంత మామూలుగా. "వంటమనిషి వేషం బానే ఉంది గానీ, నీ మెడలో తూటా దిగితే ప్యో నీ పేరు కూడా ఒప్పుకోడు. మనలాంటి వాళ్ళకి ఎవరూ అన్నం పెట్టరు. చెప్పెయ్."

"నాకు పెట్టారు," అంది హేరిన్.

ఛేరి వేలు బిగుసుకుంది. సరిగ్గా అప్పుడు కప్పులోంచి గంట మోగింది.

ఆ భవనాల్లో ప్రతి ఇంటి కప్పుకూ ఒక స్పీకర్ ఉంటుంది. చెత్త ఎప్పుడు వెయ్యాలో, నీళ్ళు ఎప్పుడు ఆగుతాయో అందులో చెబుతారు. దాన్ని ఆపే స్విచ్ ఏ ఇంట్లోనూ ఉండదు.

"నివాసులకు మనవి," అంది ఊబిన్ వాళ్ళమ్మ గొంతు. "ఇది నేనూ మీతోపాటే మొదటిసారి వింటున్నాను."

తర్వాత ఒక మగగొంతు. ప్రెసిడెంట్ అతిథిగారి ఫోటోలు అయ్యేదాకా హెలికాప్టర్లు కదలకూడదు. ఇంకో గొంతు, వణుకుతూ: కేబుల్ మీద పిల్లలున్నారు సర్, ఆకాశం తేటగా ఉంది సర్. మళ్ళీ మొదటి గొంతు: పొగమంచని చెప్పండి.

ఇళ్ళ కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. బాల్కనీల్లో జనం ఫోన్లు స్పీకర్లకు ఎత్తి పట్టుకున్నారు. అందరూ విన్న రహస్యంతో ఎవర్నీ బెదిరించలేరు. వెర్నర్ లాప్‌టాప్ మూసి, బూట్లు సరిగ్గా తొడుక్కోకుండానే వెళ్ళిపోయాడు. ఛేరి పిస్తోలు సంచీలో పెట్టుకుని, అద్దంలో ముత్యాలు సర్దుకుని, ఇక తనకు జీతం ఎవరిస్తారో ఆలోచిస్తున్నదానిలా నెమ్మదిగా దిగింది.

చాలాసేపటికి ఊబిన్ వాళ్ళమ్మ వచ్చింది. ఆకాశం తేటగా ఉందట, అంది గోడ వైపు చూస్తూ. తర్వాత సోదమ్ గిన్నె తీసి హేరిన్ ముందు పెట్టింది. "కూర్చో. ఈ అన్నం నువ్వే తినాలి. ఇంకెవరికీ పెట్టలేను." హేరిన్ తింది. ఆమె తినడం అయ్యేదాకా ఊబిన్ వాళ్ళమ్మ కదల్లేదు. చివరికి అడిగింది.

"నీ పేరేంటి?"

"గుక్ హేరిన్."

ఊబిన్ వాళ్ళమ్మ ఆ పేరును పలకలేదు. గిన్నె కడగడానికి లేచింది.

ఫోన్ మోగింది. ప్యో. వెర్నర్ వాళ్ళకేమైనా దొరికిందా అని మొదట అడిగాడు. లేదని చెప్పింది. ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు.

"మరి మన రహస్యాలు? ఒక్కటైనా మిగిలిందా అక్కడ?"

"ఒకటి మిగిలింది సర్," అంది హేరిన్. "నా పేరు. ఇప్పుడే అదీ చెప్పేశాను."