హన్నాకి తద్దినం లేదు

షికాగో పక్కనున్న షామ్‌బర్గ్‌లో ఆ ఉదయం స్పందన ఉప్మా తింటుండగా ఫోన్ మోగింది. తమతోనే ఉంటున్న, భర్త నీల్ వాళ్ళ నానమ్మ రివ్కా వెళ్ళే యూదుల ప్రార్థనామందిరం వాళ్ళు. అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిన తల్లీకూతుళ్ళకి మూడు వారాలపాటు కింది గది ఇస్తారా అని అడిగారు. మధ్యాహ్నంలోగా చెప్పాలి.

ఆ గదిలో స్పందన పురుటికని వచ్చిన తల్లి కృష్ణకుమారి ఉంటోంది. సంగతి వినగానే ఆవిడ అగ్గిమీద గుగ్గిలమైంది.

"ఊరూ పేరూ తెలియనివాళ్ళని ఇంట్లో పెట్టుకుంటారా? అల్లుడు ఆఫీస్‌లో, నువ్వు చూస్తే ఏడో నెల! పురుడయ్యాక చూద్దామని చెప్పు పెద్దావిడకి."

స్పందన మనసులో మాటా అదే. అమ్మ మీద పెట్టి తప్పించుకోవచ్చులే అనుకుని, డెలివరీ అయ్యాక చూద్దామని అమ్మ అంటోందని ఎదురుగా కూర్చున్న రివ్కాకి ఇంగ్లీషులో చెప్పేసింది.

రివ్కా చేతిలోని కప్పు కింద పెట్టింది. ఆవిడకి ఎనభై ఆరేళ్ళు.

"మా నాన్న కూడా అలాగే రాశాడు. చలికాలం వెళ్ళాక చూద్దాం అని."

ఆవిడ చెబుతుంటే స్పందన ఒక్కో మాటా తల్లికి తెలుగులో చెప్పింది. నాజీల చేతిలో ఉన్న వియన్నా నుంచి రివ్కా మేనత్త హన్నా, తన వీసాకి స్పాన్సర్‌గా సంతకం పెట్టమని షికాగోలోని అన్నకి ఉత్తరం రాసింది. ఆయన ఇల్లు ఇరుకు. పైగా భార్య గర్భవతి.

"ఆ కడుపులో ఉన్నది నేనే," అంది రివ్కా. "చలికాలం వెళ్ళింది, నేను పుట్టాను. నాన్న సంతకం పెట్టి పంపాడు. జవాబు రాలేదు."

ఆ మాటలు తెలుగులో చెబుతుంటే స్పందన చెయ్యి తెలియకుండానే పొట్టమీదికి వెళ్ళింది.

కృష్ణకుమారి వచ్చి కూతురి పక్కన కూర్చుంది. "హన్నాగారి తద్దినం ఎప్పుడు పెడతారో అడుగు," అంది.

"చనిపోయిన తేదీ తెలియదు," అంది రివ్కా. "తెలియనప్పుడు మాలో ఏదో ఒక రోజు ఎంచుకుని దీపం పెట్టొచ్చు. నాన్న ఎంచుకోలేదు. ఎంచుకుంటే తనే చంపినట్టని ఆయన బాధ. పరదేశిని ఆదరించమని మా ధర్మగ్రంథం తోరాలో ఉన్న మాటలన్నీ నాకు కంఠతా నేర్పాడు. చెబుతూ చెబుతూ లేచి, జవాబు వచ్చిందేమోనని ఇంటి ముందు పోస్ట్‌బాక్స్ దగ్గరికి వెళ్ళేవాడు. పోయే ముందురోజు కూడా వెళ్ళాడు."

కృష్ణకుమారి కళ్ళు తుడుచుకుంది. "నా పక్క హాల్లో వేసుకుంటాను. వాళ్ళకి ఫోన్ చెయ్యవే. ముందు ఆ తల్లి పేరేమిటో అడుగు. మనం అదైనా అడగలేదు."

స్పందన ఏడుస్తూనే నంబర్ నొక్కింది.