మూడు చిల్లికాణీలు

ఆ ఉదయం ఉమాశ్రీ కాఫీ గ్లాసుతో హాల్లోకి వచ్చి, అలవాటుగా అక్వేరియం ముందు కూర్చుంది. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పే ఆమెకు ఉప్పునీటి చేపలంటే పిచ్చి. డ్రిల్లింగ్ కంపెనీలో పనిచేసే భర్త మణిశంకర్ ఓడలరేవు నుంచి జీపులో క్యాన్లతో సముద్రపు నీళ్ళు తెచ్చిపెడుతుంటాడు. రొమ్ములో గడ్డ తీయించుకుని రిపోర్టు కోసం ఎదురుచూసిన మూడు వారాలూ ఆ అద్దాల పెట్టే ఆమెకు తోడు. గడ్డ ప్రమాదం లేనిదని మొన్ననే తేలింది.

కాఫీ తాగనే లేదు. రొయ్యలు రెండూ వెల్లకిలా పడి ఉన్నాయి. ఇంట్లో అందరూ ‘పువ్వు’ అని పిలిచే ఎనిమోన్ అనే సముద్రజీవి ముడుచుకుపోయి, నానిన గుడ్డపేలికలా వేలాడుతోంది. దాన్నే ఇల్లు చేసుకున్న నారింజ చారల చేపలు రెండూ దిక్కుతోచక దాని చుట్టూ తిరుగుతున్నాయి.

చెయ్యి పెట్టి ఇసుక కెలికితే మూడు పాతకాలం చిల్లికాణీలు దొరికాయి. పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

"అత్తయ్యగారూ! ఇవి మీవేనా?"

సంపూర్ణమ్మ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. "నావేనమ్మా. ఏం?"

"రాగి అండీ, రాగి! ఉప్పునీళ్ళలో కరిగి విషమైపోయింది. ఈ ఇంట్లో మీరు చెయ్యి పెట్టని చోటంటూ ఒక్కటీ ఉండకూడదా?"

"ఉమా, ఏంటా మాటలు?" అంటూ మణిశంకర్ గదిలోంచి వచ్చాడు.

"మరేమనమంటారండీ? చంపేశారు!"

పెద్దావిడ మొహం పాలిపోయింది. "తప్పయిపోయిందమ్మా," అని మాత్రం అంది.

నిల్వ ఉంచిన సముద్రపు నీళ్ళు ఒక్క క్యానే మిగిలాయి. వాటిని ప్లాస్టిక్ టబ్బులో పోసి, చేపల్నీ పువ్వునీ అందులోకి మార్చి, గాలి మోటారు పెట్టారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మన కరెంటుకి ముహూర్తాలు బాగా తెలుసు.

"గాలి అందకపోతే ఇవీ పోతాయి," అంది ఉమాశ్రీ ఏడుపు గొంతుతో.

సంపూర్ణమ్మ స్టూలు లాక్కుని టబ్బు పక్కన కూర్చుంది. రాగి చెంబు వైపు చెయ్యి చాచి, ఆగి, స్టీలు గ్లాసు అందుకుంది. కాఫీ తిరగబోసినట్టు నీళ్ళు ముంచి ఎత్తు నుంచి పోయసాగింది. అరగంట గడిచినా ఆపలేదు.

"ఇలా ఇవ్వండి, నేను పోస్తాను."

"కుట్లు ఆరి పట్టుమని నెల కాలేదు. కూర్చో."

"అసలెందుకు వేశారండీ అవి?"

"నీ రిపోర్టు వచ్చేదాకా శుక్రవారం శుక్రవారం గోదారమ్మకి కాణీ వేస్తానని మొక్కుకున్నా. మోకాళ్ళు రేవు మెట్లు దిగనివ్వట్లేదు. గోదారమ్మ కలిసేది సముద్రంలోనే కదా, ఆ సముద్రం మనింట్లోనే ఉందనుకున్నా."

"రూపాయి బిళ్ళలుండగా కాణీలేంటండీ?"

"మా అమ్మ దాచి ఇచ్చినవి. నీకోసం వేసేటప్పుడు ఉత్త రూపాయి బిళ్ళ ఎలా వేస్తానమ్మా?"

ఉమాశ్రీకి కళ్ళు నిండిపోయాయి. రాగి తగిలితే రొయ్యలూ పువ్వూ బతకవని ఏటా అరవై మంది పిల్లలకు పాఠం చెబుతుంది. ఇంట్లో మనిషికి ఒక్కసారీ చెప్పలేదు.

"తప్పు నాదండీ. నన్ను బతికించమని మొక్కుకున్న మిమ్మల్ని పట్టుకుని ఎంత మాటన్నాను!"

"ఊరుకో. కన్నీళ్ళూ ఉప్పునీళ్ళే. టబ్బులో పడితే మళ్ళీ ఏమవుతుందో నాకు తెలీదు," అంది సంపూర్ణమ్మ గ్లాసు ఆపకుండా.

మధ్యాహ్నానికి కరెంటు వచ్చింది. మూడో రోజుకి పువ్వు ఒక పక్క విచ్చుకుంది. అక్వేరియం పైన గోడకి పెద్ద అక్షరాలతో కాగితం అంటించారు: రాగి, ఫినాయిలు, దోమల మందు ఇటు రాకూడదు. ఇప్పుడు చుట్టాలెవరైనా ఉంగరం ఉన్న వేలు నీళ్ళలో పెట్టబోయినా సంపూర్ణమ్మ ఊరుకోదు.

ఆదివారం ఖాళీ క్యాన్లతో ముగ్గురూ జీపులో ఓడలరేవు బయలుదేరారు. రావులపాలెం దగ్గర గౌతమి వంతెన మీద ఉమాశ్రీ జీపు ఆపించి, తోమి తెచ్చిన కాణీలు అత్తగారి చేతిలో పెట్టింది.

సంపూర్ణమ్మ దణ్ణం పెట్టుకుని రెండు నీళ్ళలో వేసింది. మూడోది కొంగున ముడి వేసుకుంది.

"అదెందుకండీ?"

"వచ్చే ఏడు మళ్ళీ చూపించుకోమన్నారుగా నిన్ను."

ఉమాశ్రీ ఆ కొంగు ముడి రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకుంది.