మూడో చెట్టు

తిమ్మయ్యకు మాటలు తక్కువ, మొండితనం ఎక్కువ. కమలాపురం పక్క పల్లెలో జకార్డు మగ్గం పెట్టుకున్న మొదటి నేతగాడు అతనే. చీర కొంగు మీద చెట్టు రావాలంటే ముందు దాన్ని గళ్ళ కాగితం మీద గీయాలి. తర్వాత ఒకరు గడిగడికీ చదువుతుంటే ఇంకొకరు అట్టకు బెజ్జాలు కొట్టాలి. వరసకొక అట్ట. అట్టలన్నీ దండగా కుట్టి మగ్గానికి ఎక్కిస్తే, గుడ్డలో మళ్ళీ చెట్టు లేస్తుంది. మధ్యలో ఆ బెజ్జాలను చూసి అది చెట్టో పిట్టో చెప్పడం బ్రహ్మదేవుడి తరం కూడా కాదు.

చదివేది కూతురు సిద్దమ్మ. పన్నెండేళ్ళ పిల్ల. "కొట్టు... ఇడువు... కొట్టు, కొట్టు..." అని గణగణా చదివేది. వరస అయిపోగానే తిమ్మయ్య "ఇంగ?" అనేవాడు, పిల్ల తర్వాతి వరస అందుకునేది. ఆ చెట్టు బొమ్మ కూడా దాని గీతే.

సగం అట్టలు కొట్టేసరికి పిల్లకు అమ్మవారు పోసింది. తొమ్మిది రోజులు లోపలి గదిలో పడి ఉంది. "నాయనా, ఒక తూరి వచ్చి చూడు" అని పిలుస్తూనే ఉంది. తిమ్మయ్య గడప దాటలేదు. తనకూ అంటుకుంటే మగ్గం ఆగిపోతుందని పైకి చెప్పాడు. నిజానికి భయం. ఆ మొహం చూడలేనన్న భయం. పదోనాడు చాపలో చుట్టి తీసుకుపోయారు. అప్పుడూ చూడలేదు.

నెల తిరిగింది. మిట్టమధ్యాహ్నం వడగాలికి తలుపులు మూసుకుని, మిగిలిన అట్టలు ముందేసుకున్నాడు. గదిలో చీకటి, గంజి వాసన, సుత్తి చప్పుడు. తానే చదువుకుని తానే ఒక వరస కొట్టాడు. అలవాటు చొప్పున నోరు జారింది.

"ఇంగ?"

"ఇడువు... ఇడువు... కొట్టు..."

గొంతు వీపు వెనక నుంచి వచ్చింది. నీరసంగా, పెదవులు ఎండిపోయినట్టుగా. తిమ్మయ్య లేచి పారిపోయేవాడే... కానీ అది సిద్దమ్మ గొంతు. నెల రోజులుగా దానికోసమే ప్రాణం కొట్టుకుపోతోంది. కాగితం కిందపడితే తీయలేదు. ఆ గొంతు చెప్పినట్టల్లా కొట్టాడు. ఏం కొడుతున్నాడో అతనికే తెలియదు.

అట్టలన్నీ కుట్టి మగ్గానికి ఎక్కించి నేత మొదలుపెట్టాడు. కొంగులో ఒకదాని తర్వాత ఒకటి మూడు చెట్లు రావాలి. అవే అట్టలు మూడుసార్లు తిరుగుతాయి. మొదటి చెట్టు కింద ఒక పిల్ల కూర్చుని ఉంది. కాగితంలో లేని పిల్ల. అటు తిరిగి ఉంది, జడ మాత్రం కనబడుతోంది.

భార్య గురమ్మ చూసి అతని చెయ్యి పట్టుకుంది. "ఇది మన సిద్ది గదయ్యా... ఎట్లొచ్చె ఈడికి?"

"నేసేకొద్దీ మొగం తిప్పుతాదేమో చూస్తా."

"అవే అట్టలు గదా, ఎట్ల తిప్పుతాది? ఆపు, నీ కాళ్ళు పట్టుకుంటా."

అతను ఆపితే కదా. మర్నాడు రెండో చెట్టు లేచింది. అవే అట్టలు, అవే బెజ్జాలు. పిల్ల మాత్రం లేచి నిలబడింది. తల సగం ఇటు తిరిగింది. చెంప మీద నూలు ముడులు ముడులుగా పడి గరుకుగా ఉంది. తిమ్మయ్య దాన్ని వేళ్ళతో తడిమి వెక్కి వెక్కి ఏడ్చాడు.

మూడోనాడు మూడో చెట్టు. కొమ్మలు వచ్చాయి. మాను వచ్చింది. వేళ్ళూ వచ్చాయి. కింద ఎవరూ లేరు.

నూలుతో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆగింది. గదిలో వేపాకు వాసన కమ్ముకుంది. మగ్గం గుంటలో, అతని కాళ్ళ పక్కన... ఇంకో రెండు కాళ్ళు దిగాయి. చిన్నవి. జ్వరంతో కాలిపోతున్నాయి.

"నాయనా... ఇప్పుడన్నా చూస్తావా?"

తిమ్మయ్య పళ్ళు బిగబట్టాడు. అప్పుడు చేసిన పాపం చాలనుకున్నాడు. తిరిగాడు.

మగ్గం చప్పుడు వినబడక గురమ్మ తలుపు తోసుకుని వచ్చింది. అతను ఎవరూ లేని చోట చేతులు చుట్టి కూర్చుని ఉన్నాడు. చెంపలు తడిసి ఉన్నాయి. "చూస్తి గురమ్మా... బిడ్డ మొగం అంతా చూస్తి. శానా బాగుండాది."

గురమ్మ దగ్గరికి పోయింది. పిల్ల మెడ చుట్టూ చేతులు వేసి వాటేసుకుంటే ఎక్కడెక్కడ తగులుతుందో, అతని ఒంటి మీద సరిగ్గా అక్కడక్కడే నీటిపొక్కులు లేస్తున్నాయి. ఆమె చూస్తుండగానే... ఒక్కొక్కటిగా.