ఓటర్ల లిస్టు తిన్న గేదె

ఏలూరు కాలవ అవతలి నాలుగు పేటలకూ కలిపి ఒక పంచాయతీ బోర్డు ఉండేది. 1936 ఆగస్టులో, ఎన్నికలు పది రోజులున్నాయనగా, బోర్డు క్లర్కు నిత్యానందం ఓటర్ల లిస్టు కాయితాలను గంజితో అతికించి ఆఫీసు అరుగు మీద ఎండబెట్టాడు. లోపలికెళ్లి కళ్లజోడు తెచ్చుకునేలోగా ఒక గేదె వచ్చి, ఒకటో వార్డు నుంచి నాలుగో వార్డు దాకా వరసగా తినేసింది. పక్కనే పెట్టిన చిత్తుప్రతి కూడా వాటితోపాటే పోయింది.

గేదె వెనకే పలుపు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది సారమ్మ. పేటల్లో పాలు పోసే హన్నమ్మ మనవరాలు.

"ఎనిమిది వందల మందిని తినేసిందండీ మీ గేదె," అన్నాడు నిత్యానందం ఏడుపు గొంతుతో.

"గంజి రాసి పరిచింది మీరే కదండీ. దానికేవన్నా చదువొచ్చా?" అంది సారమ్మ.

ఆ సాయంత్రమే బోర్డు సమావేశమైంది. లిస్టు ఎక్కడుంటే అదే రికార్డని ప్రెసిడెంటు కోదండరామయ్యగారు తేల్చారు. రికార్డు ఆఫీసు దాటకూడదు గనక గేదె అక్కడే ఉండాలనీ, బాధ్యత క్లర్కుదేననీ తీర్మానించారు. మరి పేడ సంగతేమిటని ఒక మెంబరు అడిగాడు. అదీ రికార్డేనని ప్రెసిడెంటుగారు రూలింగిచ్చారు. ఎన్నికల్లోపు లిస్టు తయారు కాకపోతే క్లర్కు ఉద్యోగం ఊడుతుందన్నారు. ఆ ముక్క మినిట్సు బుక్కులో నిత్యానందమే గుండ్రటి దస్తూరీతో రాశాడు.

మర్నాటి నుంచి సారమ్మ రెండు పూటలా ఆఫీసుకొచ్చి పాలు పితుక్కునేది. మూడో రోజున, గేదె పక్కనే తలవంచుకు కూర్చున్న క్లర్కును చూసి ఆమెకు జాలేసింది. తనకు తెలియని గడప లేదనీ, కలం పట్టుకుని వెంట రమ్మనీ చెప్పింది.

ఇద్దరూ పేటలన్నీ తిరిగారు. ఆమె పాలు పోస్తూ పేర్లు చెబితే అతను రాసుకునేవాడు. వానొస్తే ఒకే గొడుగు. మధ్యలో లిస్టు పొడిగా ఉండేది, చెరో పక్కనా వాళ్లు తడిసేవారు. ఒకసారి ఒక ఇంటి దగ్గర అతను వరసగా మూడు పేర్లూ సారమ్మ అనే రాశాడు. ఆమె చూసి, ఆ ఇంట్లో సారమ్మలెవరూ లేరని మాత్రం చెప్పింది.

తొమ్మిదో రోజుకి లిస్టు పూర్తయింది. నకలు దొరికింది గనక అసలును విడుదల చేయవచ్చని బోర్డు తీర్మానించింది.

నిత్యానందం పలుపు విప్పాడు గానీ ఆమె చేతికివ్వలేదు. రేపట్నుంచి ఆఫీసు బోసిపోతుందండీ అన్నాడు.

సారమ్మ లిస్టు తిరగేసింది. "ఇందులో మీ పేరు లేదేవండీ?"

"నేను టౌన్లో మామయ్య గారింట్లో ఉంటానండీ. పేటల్లో కాపురం ఉన్నవాళ్లకే ఇక్కడ ఓటు."

ఆమె లిస్టు మూసి అతని చేతికిచ్చింది. "నలభై ఒకటో నెంబరింట్లో నేనూ మామ్మే ఉంటాం. మామ్మని అడిగి చూడండి," అంది నెమ్మదిగా.

అతను ఆ సాయంత్రమే వెళ్లాడు. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ గుమ్మంలోనే మరిచిపోయి, ఈ ఇంట్లో ఓటర్లెంతమందని అడిగాడు.

హన్నమ్మ పీట వేసింది.

"వారం రోజులుగా పేటలకి పాలు మిట్టమధ్యాహ్నం వెళ్తున్నాయి బాబూ. సగం విరిగిపోతున్నాయి. అయినా ఒక్కరంటే ఒక్కరు నన్నడగలేదు," అంది. "ఎందుకో అందరికీ తెలుసు. మీ ఇద్దరికే తెలియడానికింత ఆలస్యం."

ఆదివారం చర్చిలో పాస్టరుగారు వాళ్ల పెళ్లి ప్రకటన చదివారు.